తేటగానే ఉంది

బుడ్డి మూతి మూశాక అది ఒక్కసారి తెల్లబడాలి. మా ఇంట్లో పుట్టిన ఏ ఆడపిల్లనడిగినా చెబుతుంది. కరిగిన గాజు ముద్దలోకి గొట్టంతో ఊపిరి ఊది, గొట్టం నుంచి విడదీసి, మూతి నొక్కేస్తే, లోపల చిక్కుకున్న ఊపిరి తెల్లగా కమ్ముకుని మళ్లీ తేటపడుతుంది. దాన్ని మేం తొలి ఊపిరంటాం. అది కనబడితే బుడ్డి బతికున్నట్టు లెక్క. అలాంటి బుడ్డిని పడవ తెరచాప కొయ్యకు కట్టుకుంటే, గాలివాన ఇంకా ఎక్కడో సముద్రం అవతల ఉండగానే లోపలినుంచి తెల్లబడిపోతుంది. అది చూసి పడవలు వెనక్కి తిరుగుతాయి. మా ఇంటి విద్య ఇంతే. ఈ ఇంతకే రేవులో మగాళ్లందరూ నన్ను చూస్తే లేచి నిలబడేవాళ్లు. నేను కూడా ఏదో నా గొప్పే అన్నట్టు తలెగరేసుకుని నడిచేదాన్ని.

ఆ పొద్దున నేను ఊదిన బుడ్డి తెల్లబడలేదు.

"మూతి సరిగ్గా నొక్కి ఉండవు. పరధ్యానం ఎక్కువైంది నీకు," అంది అమ్మమ్మ. "ఇంకోటి ఊదు."

ఇంకోటి ఊదాను. అదీ అంతే, మొద్దులా నా మొహం చూస్తూ కూర్చుంది. నడుం లాగేస్తోందని నేను నిద్ర లేచినప్పటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను, ఎవరికి పట్టింది? మళ్లీ గాజు అందుకుందామని పీట మీద నుంచి లేచాను. పీట మీద నెత్తుటి మరక.

అమ్మమ్మ మరక వంక చూసింది. కిటికీలో పెట్టిన రెండు బుడ్ల వంక చూసింది. నా చేతిలోంచి గొట్టం తీసుకుని గోడకు ఆనించింది.

"వద్దమ్మా, ఇక చాలు," అంది. మా అమ్మమ్మ నన్ను 'అమ్మా' అనడం అదే మొదటిసారి.

నాన్న కొలిమిలో కట్టె వెయ్యబోయి ఆగి, ఆ కట్టెను చేత్తో పట్టుకునే బయటికి వెళ్లిపోయాడు.  

అమ్మ నన్ను పెరట్లోకి తీసుకెళ్లి వేణ్ణీళ్లు పోసి, బట్ట ఎలా కట్టుకోవాలో చూపించి, నా జుట్టు సవరిస్తూ, "ఏడుపొస్తే ఏడువు. ఇక ఫరవాలేదు," అంది.

ఈ మాటకి అర్థం బయటివాళ్లకి తెలియదు. మా ఇంట్లో గొట్టం పట్టిన పిల్ల ఏడవకూడదు. వెక్కిళ్లు పెడితే ఊపిరి తెగుతుంది, తెగిన ఊపిరితో ఊదితే గాజులో బుడగలు పడతాయి. తొమ్మిదేళ్లు నిండి నేను గొట్టం పట్టిన రోజునుంచీ పడినా, కాలినా, పెంచుకున్న పిల్లి చచ్చినా, "మింగెయ్" అనేవాళ్లు. మింగేసేదాన్ని. ఇన్నేళ్ల తర్వాత ఏడవమని చెప్పేసరికి నాకు చేతకాలేదు. మొహం ఎటెటో పెట్టాను. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా చెల్లి కిసుక్కున నవ్వింది.

"అమ్మా, అక్క తుమ్మబోతోందే!"

మా చెల్లి ఏడో నెలలో పుట్టింది. పిడికెడంత ఉండేదిట, అందుకని అందరం పిడికెడనే పిలుస్తాం. అప్పటికి దానికి ఆరేళ్లు, ముందు పళ్లు రెండూ ఊడిపోయి ఉన్నాయి. ఏడుపులో దానికి సాటొచ్చేవాళ్లు లేరు. మా వీధిలో అది రాగం ఎత్తుకుందంటే రేవులో వలలు బాగుచేసుకునేవాళ్లు తలెత్తి, "గాజుల వాళ్ల ఇంట్లో ఏదో అయింది" అనుకునేవాళ్లు. ఏం అయ్యుండేది కాదు, రొట్టె ముక్క చిన్నదిచ్చి ఉంటారు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. పిల్ల పెద్దదైతే ఆ పొద్దున ఊదినవే కాదు, అంతకుముందు ఊదిన బుడ్లన్నీ ఆ రోజుతో చచ్చిపోతాయి. రేవులో ఏ పడవ మీద చూసినా నా బుడ్డే ఉంది. చచ్చిన బుడ్డి ఎన్నటికీ తెల్లబడదు, నెత్తిన తుపాను ఉన్నా తేటగానే ఉంటుంది. మంచి రోజున బతికున్న బుడ్డి కూడా తేటగానే ఉంటుంది. చూసి చెప్పగలిగినవాళ్లు లేరు, మేం కూడా చెప్పలేం. అందుకే మా ఇంటి కట్టుబాటు, పిల్ల పెద్దదైన రోజే అన్ని కొయ్యల మీద నుంచీ బుడ్లు దింపి, రేవులోనే పగలగొట్టెయ్యాలి. ఎప్పుడూ ఆ సరికి వెనక ఇంకో పిల్ల చేతికొచ్చి ఉండేది, దాని బుడ్లు కట్టేవాళ్లు. ఈసారి వెనక ఉన్నది పిడికెడు.

పైగా వేట కాలం. చేపల గుంపు ఏడాదికొకసారి మా రేవు ముందునుంచి పోతుంది. అప్పుడు పట్టుకున్నదే ఏడాదంతా తిండి.

కబురు తెలిసి మావయ్య వచ్చాడు. అమ్మకు తమ్ముడు, ముందు పడవకి సరంగు. ఆయన పడవ ఎటు తిరిగితే రేవంతా అటు తిరుగుతుంది.

"ఏమే కోడలా! ఇన్నాళ్లూ నిన్ను చూసి మేం లేచి నిలబడ్డాం. ఇక మమ్మల్ని చూసి నువ్వు లేస్తావన్నమాట!" అంటూ లోపలికొచ్చి, అమ్మమ్మ మొహం చూసి నోరు మూసుకున్నాడు. తర్వాత నా పక్కన కూర్చుని, "నొప్పిగా ఉందా?" అన్నాడు మెల్లగా. ఆ ఇంట్లో ఆ మాట అడిగింది ఆయనొక్కడే.

మధ్యాహ్నానికి బుడ్లన్నీ గంపల్లో రేవుగట్టు మీదికి చేరాయి. మేం ఇంటిల్లిపాదీ వెళ్లాం, అమ్మకు అక్క, మా పెద్దమ్మతో సహా. వలల పెద్ద ముందుకొచ్చాడు. ఆయనకి అందరికంటే ఎక్కువ పడవలున్నాయి, అయినా గొంతెత్తి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. చెడ్డవాడైతే ఎంత బాగుండేది, నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

"పాపని వేట పొడుగునా ఊదమనట్లేదమ్మా," అన్నాడు అమ్మమ్మతో. "ఒక్క బుడ్డి చాలు. ముందు పడవకి ఒక్కటుంటే మిగతా అందరం దాని వెనకే పోతాం. ఇంట్లో పిల్లలు మాకూ ఉన్నారు, మీ బాధ తెలియక కాదు."

అమ్మ పిడికెడుని ఎత్తుకుని చంకలో అదిమి పట్టుకుంది. అది గంపల్లో బుడ్లు లెక్కపెట్టుకుంటూ, మధ్యలో తప్పి, మళ్లీ మొదటికొస్తోంది.

"ఒక్కటే కదా అని నేనూ ఒకసారి అనుకున్నా," అంది అమ్మమ్మ. పెద్దమ్మని చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. "దీనికి ఆరేళ్లప్పుడే గొట్టం పట్టించా. నేనే పట్టించా, ఇంకెవరో కాదు. ఏమే, వీళ్లకి చెప్పు."

పెద్దమ్మ చెప్పలేదు. చెప్పడానికి ఆమెకి గొంతు లేదు, గొట్టం వేడికి అప్పుడే కాలిపోయింది. ఊరికే గాలి లోపలికి పీల్చింది. ఈల వేసినట్టు సన్నగా ఒక చప్పుడు, గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించింది. మాకు అలవాటే, మా ఇంట్లో పొద్దస్తమానం ఆ ఈల వింటూనే పనులు చేసుకుంటాం. రేవులోవాళ్లు మాత్రం తలలు దించుకున్నారు.

"సరే, ఇక ఆపండి," అన్నాడు మావయ్య. "ముందు పడవ నాది, నాకు బుడ్డి అక్కర్లేదు. మా తాత రోజుల్లో వాసన పట్టే వేటకెళ్లేవాళ్లు. నాకూ ముక్కుంది, చూస్తున్నారుగా, నలుగురికి సరిపోయేంత ఉంది." ఎవరో నవ్వారు. "నేను ముందు పోతా. నేను వల ఎత్తితే మీరూ ఎత్తండి. నేనుంటే ఉండండి. పిల్ల జోలికి మాత్రం ఎవరూ రావద్దు."

వలల పెద్ద తల ఊపాడు. మావయ్య మెడ మీద ఏం వేసుకున్నాడో అప్పుడు నాకు సగమే అర్థమైంది.

బుడ్లు నేనే పగలగొట్టాలి, అదీ కట్టుబాటే. చెక్క సుత్తి ఇచ్చారు. నా ఊపిరి గదా అని ఏమేమో అనిపిస్తుందనుకున్నాను. చేతులు నొప్పులు పుట్టాయి, అంతే. చివర్లో నేను ఊదిన మొట్టమొదటి బుడ్డి వచ్చింది. సొట్టది. ఒక పక్క పలచగా, ఇంకో పక్క దుక్కలా మందంగా ఉంటుంది. సుత్తి ఎత్తేలోపు మావయ్య లాగేసుకున్నాడు.

"ఇదొద్దు. ఇన్నేళ్లూ నన్ను ఇంటికి తెచ్చింది ఇదే."

"చచ్చిందిరా అది," అంది అమ్మమ్మ.

"తెలుసమ్మా. పోయినవాళ్ల బొమ్మలు ఇంట్లో పెట్టుకోమా? ఊరికే ఉంటుంది, ఉండనీ."

అప్పటికే అమ్మమ్మ ఊరందరితో పోట్లాడి అలిసిపోయి ఉంది. చెయ్యి విదిలించేసి ఇంటిదారి పట్టింది.

తర్వాతి రోజుల్లో నాకు నా ఒంటికంటే రేవే ఎక్కువ కొత్తగా అనిపించింది. బూడిద ఎత్తడం, కట్టెలు మొయ్యడం, బట్టలుతకడం నా వాటాకొచ్చాయి. గొట్టం పట్టే పిల్లకి పొద్దున్నే వేడి పాలిచ్చే గ్లాసు అటక మీద బోర్లించేశారు. రేవుకెళితే ఎవరూ లేవట్లేదు. మొన్నటిదాకా "అమ్మాయిగారూ" అన్నవాడే గంప నెత్తిన పెట్టుకుని, "అడ్డు లే, కనబడట్లా?" అని కసిరాడు. ఒళ్లు మండిపోయింది. అడ్డు మాత్రం తప్పుకున్నాను.

మావయ్య ముక్కు పని చేసింది. ఒకసారి మబ్బు తునకైనా లేని పూట వల ఎత్తేశాడు. అందరూ సణుక్కుంటూనే వెనక్కొచ్చారు, వచ్చిన కాసేపటికి గాలి గట్టు మీద ఎండబెట్టిన వలల్ని ఎగరేసుకుపోయింది. ఇంకోసారీ అలాగే తీసుకొచ్చాడు. ఇంట్లో అమ్మ మళ్లీ కూనిరాగాలు తియ్యడం మొదలుపెట్టింది. నేనూ లెక్కలు వేసుకున్నాను. పిడికెడుకి తొమ్మిది నిండేదాకా మావయ్య ముక్కు ఆగితే చాలు, అప్పుడిక దేనికీ భయం లేదు. ఇంత చిన్న కోరికే కదా అనుకున్నాను.

ఒక పొద్దున ఆయనకి రొట్టెల మూట ఇవ్వడానికి వెళ్లాను. పడవ గట్టుకి కట్టి ఉంది. నేను గట్టు మీదే నిలబడ్డాను. నిన్నమొన్నటి వరకూ ఆ కొయ్య ఎక్కి బుడ్డి కట్టింది నేనే, ఇప్పుడు వేట కాలంలో పెద్దదైన ఆడది పడవలో కాలు పెట్టకూడదు. మావయ్య గాలికి ఎదురుగా నిలబడి, కళ్లు మూసుకుని, ముక్కు ఎగబీల్చాడు. తర్వాత కళ్లు తెరిచి పైకి చూశాడు. కొయ్య మీదికి, నా సొట్టబుడ్డి వంక.

"మావయ్యా! ఎందుకు చూశావ్ పైకి?"

"ఎక్కడ చూశా?"

"ఇప్పుడే. నేను చూశాగా."

ఆయన మెడ వెనక రుద్దుకుంటూ నవ్వాడు. "అలవాటే పిల్లా. నాకు మీసం రాకముందు నుంచీ చూస్తున్నాను. మెడ దానంతటదే పోతుంది."

"దింపెయ్ దాన్ని."

"దింపుతాలే."

"లే గీ కాదు, ఇప్పుడే దింపు. నువ్వు దింపితే తప్ప నేను కదలను."

"అబ్బో! పెద్దదానివైన దగ్గర్నుంచీ అచ్చం మీ అమ్మలా తగులుకున్నావే. కుర్రాళ్లకి అదుంటే ధైర్యంగా ఉంటుందే, వట్టి కొయ్య చూస్తే వాళ్లకి చేతులాడవు. ఈ వేట కానీ. దింపి నీ చేతికే ఇస్తా, సరేనా?"

మోకులు లాగే ఆయన పడవ విప్పేశాడు. నేను గట్టు వెంట కాస్త దూరం పరిగెత్తాను. "దింపు మావయ్యా!" అని అరుస్తూనే ఉన్నాను. పడవలోవాళ్లు నవ్వారు. ఆయన రొట్టె కొరుకుతూ చెయ్యి ఊపాడు. ఎంత అరిచినా అరిచేది గొట్టం పట్టిన పిల్ల కాదుగా మరి. అదే అరుపు అంతకుముందు అరిచి ఉంటే పడవ ఆపేవాళ్లు.

ఆ మర్నాడో, ఆ పై రోజో, ఎండ చక్కగా కాసింది. ఉతికిన బట్టలు ఆరేసినవి ఆరేసినట్టే ఎండిపోతున్నాయని అమ్మ మురిసిపోయింది. మధ్యాహ్నం గాలి నిలిచిపోయింది. ఆకు కదలలేదు. తర్వాత వచ్చింది చూడండి, మా ఇంటి కప్పు పెంకులు వీధిలో పడి పగులుతుంటే కొలిమి కూడా ఆరిపోయింది. రేవుకి పరిగెత్తాం. అన్నిటికంటే వెనక ఉన్న రెండు పడవలు మాత్రం మధ్యలోనే భయపడి వచ్చేశాయి. సరంగు మాట కాదని వచ్చినందుకు ఆ పడవలవాళ్లు మమ్మల్ని చూసి సిగ్గుపడుతూ నిలబడ్డారు. మిగతా పడవలు రాలేదు.

తెల్లారి గాలి తగ్గాక మోకులాయన ఒక్కడూ చెక్క పట్టుకుని కొట్టుకొచ్చాడు. వాళ్లావిడ వద్దంటున్నా వినకుండా తిన్నగా మా ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. నీళ్లిచ్చాం. తాగలేదు.

"సరంగు ముక్కు ఎగబీల్చాడు," అన్నాడు. "'వాసన మారిందిరా' అన్నాడు. వల తాడు మీద చెయ్యి వేశాడు, మేం ఎత్తడానికి లేచాం. అప్పుడు పైకి చూశాడు."

అమ్మ ఆ నీళ్లు తీసి పక్కన పెట్టింది.

"'తేటగానే ఉంది' అన్నాడు. 'ఇంకొక్క వల వెయ్యండి' అన్నాడు."

"వాడికి తెలుసుగా?" అంది అమ్మ. "అది చచ్చిందని వాడికి తెలుసుగా?"

"తెలుసమ్మా. మాకూ తెలుసు. మేమూ చూశాం. అందరం తలెత్తి చూశాం." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "తేటగానే ఉంది."

చొక్కాలోంచి తీసి గుమ్మం మీద పెట్టాడు. నా సొట్టబుడ్డి. కొయ్య విరిగి పక్కన తేలుతుంటే అందుకున్నాడట. ఎక్కడా చిన్న పగులు లేదు. చేతకాక మందంగా ఊదినందుకు అంత గాలివానకీ తట్టుకుంది. దింపి నీ చేతికే ఇస్తానన్నాడు మావయ్య. అలాగే వచ్చింది నా చేతికి.

ఆ మర్నాడు పొద్దున్నే వాళ్లొచ్చారు. మిగిలిన మగాళ్లు, పోయినవాళ్ల పెళ్లాలు, వలల పెద్ద. ఆయన కొడుకు కూడా పోయాడు. ఎవరూ ఏమీ అడగలేదు. వాకిట్లో తలలు వంచుకుని నిలబడ్డారంతే. రెండు పడవలు మిగిలాయి, చేపల గుంపు ఇంకా పోతూనే ఉంది.

అమ్మమ్మ లోపలికెళ్లి గోడకున్న గొట్టాల్లో అన్నిటికంటే పొట్టిది తీసింది. పెద్దమ్మకి పట్టించింది అదేట. అమ్మ నేల మీద చతికిలబడిపోయింది. వద్దనలేదు. నేను అన్నాను. "వద్దు అమ్మమ్మా, వద్దు, నేను మళ్లీ ఊది చూస్తాను," అని గొట్టం పట్టుకుని లాగాను. ఎవరూ నన్ను కోప్పడనైనా లేదు. అమ్మమ్మ నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది.

అప్పటిదాకా పిడికెడుకి మావయ్య సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ గలాటాలో ఎవరి నోటి వెంటో వింది. దాని కింది పెదవి వంకర తిరిగింది, నోరు తెరుచుకుంది, ఇంక రాగం మొదలవబోతోంది. అమ్మమ్మ అరచెయ్యి దాని నోటికి అడ్డం పెట్టింది. గట్టిగా కాదు, ముద్దు చేస్తున్నట్టే.

"వద్దు తల్లీ. మింగెయ్."

ఆ చేతి మీంచి అది నా వంక చూసింది. అక్క ఏదో ఒకటి చేస్తుందని చూసింది. గొంతు ఒక్కసారి కదిలింది. మింగేసింది.

అటక మీద గ్లాసు కిందికి దిగింది. పిడికెడు చెయ్యి చిన్నది, గొట్టం బరువు మొయ్యలేదు కాబట్టి అవతలి చివర నేను పట్టుకున్నాను. బుగ్గలు ఎంతవరకు నింపాలో, ఎక్కడ ఆపాలో నేనే నేర్పాను. ఎలాగూ ఊదిస్తారు, సరిగ్గా ఊదితే కాస్త తక్కువ కాలుతుందని. దాని మొదటి బుడ్డి నిండు తెలుపు తిరిగి తేటపడింది. వాకిట్లో ఆడవాళ్లు ఏడ్చారు, వలల పెద్ద దండం పెట్టాడు. ఆ సాయంత్రం అది నా వేలు పట్టుకుని రేవులో నడుస్తుంటే మగాళ్లందరూ లేచి నిలబడ్డారు. "నిన్ను చూసేనా అక్కా?" అని అడిగింది. కాదు, నిన్నే అన్నాను.

ఒక్క బుడ్డి అన్నారు. రెండు పడవలకీ రెండు, కొత్తగా కడుతున్న పడవకి ఇంకోటి. వేట ముగిసే రోజులకి ఒక పొద్దున పిడికెడు పాలు తాగి గ్లాసు కింద పెట్టి గాలి పీల్చుకుంటే, దాని గొంతులో ఏదో సన్నగా పలికింది. నాకు సరిగ్గా వినిపించలేదు, విన్నా విననట్టే ఉన్నానేమో. పెద్దమ్మ మాత్రం చేస్తున్న పని వదిలేసి పెరట్లోకి వెళ్లిపోయింది, పిలిచినా రాలేదు.

సొట్టబుడ్డిని నేను వంటింటి కిటికీకి కట్టాను. పొద్దున్నే బట్టలు ఆరేసే ముందు దాని వంక చూస్తాను. తేటగానే ఉంటుంది. చచ్చిందని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా చూసి, బట్టలు బయటికి తీసుకెళతాను.

పడవలు ఒడ్డుకెక్కించి వేట ముగించిన రోజున నేను పెరట్లో బట్టలుతుకుతున్నాను. పిడికెడు వచ్చి నా పక్కన నిలబడింది.

"అక్కా, వస్తోంది."

"ఏం వస్తోందే?"

"ఏడుపు. మావయ్య గుర్తొచ్చాడు."

లోపల అమ్మమ్మ ఉంది. రేపు కూడా కొలిమి వెలిగిస్తారు, కొత్త పడవ బుడ్డి ఇంకా కాలేదు. నేను చేతులు తుడుచుకుని దాన్ని బండ మీద కూర్చోబెట్టాను.

"నువ్వు మెల్లగా ఊపిరి తీసుకో. ముక్కుతో తీసుకో. నేను ఏడుస్తాలే."

ఆ మొదటి రోజున నాకు చేతకాలేదని చెప్పానుగా. ఇప్పుడు వచ్చింది. దానిలాగే, వీధంతా వినిపించేలా రాగం ఎత్తి ఏడ్చాను. మావయ్య కోసం ఏడ్చాను, దాని కోసం ఏడ్చాను. పిడికెడు మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని, నా నోటి వంకే చూస్తూ, నేర్పినట్టే ముక్కుతో గాలి పీలుస్తూ వదులుతూ కూర్చుంది.

కాసేపటికి నేను తగ్గాననుకుంది కాబోలు, నా చెయ్యి తట్టింది.

"ఇంకొంచెం గట్టిగా, అక్కా," అంది.